ఉలిపికట్టెలకు: నలుగురిలో నార్మల్‌గా ఉండటం ఎలా

మొన్నొక రాత్రి పదకొండున్నరకి మా బాబాయి కొడుకు మెసేజ్ పెట్టాడు. "అక్కా, పడుకున్నావా? నార్మల్‌గా ఉండాలంటే ఏం చెయ్యాలి?" అని. జ్వరంలో ఏదో అంటున్నాడేమో అనుకుని ఫోన్ చేశా. వాడికి ఇరవై మూడేళ్ళు, ఉద్యోగం వచ్చి ఏడు నెలలు, బెంగళూరు మారతహళ్ళిలో పీజీలో ఉంటాడు. ఆదివారం వస్తే చాలు డే పాస్ తీసుకుని సిటీ బస్సెక్కుతాడు. ఎక్కడికో వెళ్ళాలని కాదు, ఊరికే. మెజెస్టిక్ నుంచి 335ఇ ఎక్కి కాడుగోడి దాకా వెళ్ళి, అక్కడ టీ తాగి, ఇంకో బస్సులో వెనక్కి వస్తాడు. ఇంకో వారం 500డి, హెబ్బాళ నుంచి సిల్క్ బోర్డు. ఏ స్టాపు తర్వాత ఏ స్టాపు వస్తుందో మనం ఎక్కాలు అప్పజెప్పినట్టు చెప్పేస్తాడు. పబ్బుకి రాడు, క్రికెట్ చూడడు, టీమ్ లంచ్‌కి పిలిస్తే బాక్సు తెచ్చుకున్నా అంటాడు. రూమ్మేట్ ఒకడు అందరి ముందూ "నువ్వు నార్మల్ కాదు మామా, ఓసారి నిమ్హాన్స్‌లో చూపించుకో" అన్నాడట. అందరూ నవ్వారట, వీడూ నవ్వాడట. గదికి వచ్చాక నిద్ర పట్టలేదు.

అదే హైదరాబాదులో అయితే ఎర్రగడ్డ అనేవాళ్ళు. ఊరు మారింది కాబట్టి మానసిక ఆసుపత్రి పేరు మారింది, అంతే.

నేను డాక్టర్ని కాదు, కౌన్సెలర్ని అసలే కాదు. ఈ విషయం మీద మాట్లాడ్డానికి నాకున్న అర్హతలు ఇవి: పుర్రచేతి వాటం, ముప్పై తొమ్మిదేళ్ళొచ్చినా పెళ్ళి చేసుకోలేదు, 2010 నుంచీ బెంగళూరులో అద్దె ఇళ్ళల్లో ఒక్కదాన్నే ఉంటున్నాను. "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అని మా నాయనమ్మ నన్ను చూసి రోజుకోసారైనా అనేది. ఆ రాత్రి వాడికి ఫోన్లో చెప్పిందీ, పెట్టేశాక గుర్తొచ్చిందీ కలిపి రాస్తున్నా. వాడికి చెప్పినట్టే రాస్తా, నువ్వు అంటున్నానని ఏమీ అనుకోకండి.

ముందు ఆ మాటని మూడు ముక్కలు చెయ్యి

"నార్మల్ కాదు" అన్నప్పుడు అందులో మూడు వేరువేరు మాటలు కలిసిపోయి ఉంటాయి. ఒకటి, ఎక్కువమంది ఇలా చెయ్యరు. రెండు, ఇది పద్ధతి కాదు, మాకు నచ్చలేదు. మూడు, నీకు మనసులో బాగాలేదు. అనేవాడు మూడోది అన్నట్టు అంటాడు. వాడి దగ్గరున్న రుజువు మొదటిదానికి. లోపలున్న కారణం చూస్తే రెండోది. మూడూ ఒకటే అనుకుంటే నిద్ర పట్టదు మరి. కాబట్టి ఎవరైనా ఆ మాట అనగానే మొట్టమొదట చెయ్యాల్సింది, వీడు ఏ ముక్క గురించి మాట్లాడుతున్నాడు అని చూసుకోవడం. కాగితం మీద రాసుకున్నా తప్పులేదు, నేను చాలాకాలం రాసుకున్నా.

ఈ మూడూ ఒకటి కావని నాకు ఇల్లు వెతుక్కుంటుంటే అర్థమైంది. 2014 నాటి కేంద్ర ప్రభుత్వ ఎస్ఆర్ఎస్ బేస్‌లైన్ సర్వే ప్రకారం ఆంధ్ర, తెలంగాణల్లో పదిహేనేళ్ళు దాటినవాళ్ళలో నూటికి 98 మంది మాంసం తినేవాళ్ళే. లెక్క ప్రకారం మనకన్నా నార్మల్ మనుషులు ఎక్కడా ఉండకూడదు. కానీ బెంగళూరులో టులెట్ బోర్డు కింద "వెజిటేరియన్స్ ఓన్లీ" అని ఉన్న గేటు ముందు నిలబడి చూడు, నూటికి తొంభై ఎనిమిది మంది చేసే పనిని కూడా తలొంచుకుని గొణుగుతూ చెప్పాల్సి వస్తుంది. నేనొకసారి ఓనరమ్మతో "గుడ్డు మాత్రమే అండీ, అదీ అప్పుడప్పుడు" అన్నాను, ఏదో నేరం ఒప్పుకున్నట్టు! పుర్రెకో బుద్ధి జిహ్వకో రుచి అని ఊళ్ళో ధైర్యంగా అనేదాన్ని, అక్కడ నోరు పెగల్లేదు. ఎంతమంది చేస్తున్నారు అన్నది అక్కడ లెక్కలోకి రాదు. తాళంచెవి ఎవరి చేతిలో ఉందో వాళ్ళు చెప్పిందే నార్మల్.

ఊరు మారితే కూడా ఇది మారిపోతుంది. నేను వచ్చిన కొత్తలో పది నెలల అద్దె అడ్వాన్సు అంటే గుండె ఆగినంత పనైంది. హైదరాబాదులో రెండు నెలలది ఇచ్చి తాళాలు తీసుకున్న మనుషులం. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగుకని ఒక నెల అద్దె పట్టుకుంటారని చెప్తే ఇదేదో మోసం అనుకుని పక్కింటివాళ్ళని అడిగా. "నార్మల్ ఇదు" అన్నారు చాలా ప్రశాంతంగా. ఇప్పుడు నేనే కొత్తవాళ్ళకి అదే ప్రశాంతతతో చెప్తున్నా.

మూలమట్టం కథ

ఇది కొంచెం పక్కదారి, అయినా చదువు, పనికొస్తుంది. నార్మల్ అనే మాట వడ్రంగుల దగ్గర్నుంచి వచ్చింది. లాటిన్‌లో నార్మా అంటే మూలమట్టం, తలుపు చట్రం మూల సరిగ్గా కుదిరిందో లేదో చూడ్డానికి ఆనించి పెడతారే, అది. చెక్కకి అది బాగానే ఉంటుంది. దాన్ని మనుషులకి ఆనించడం 19వ శతాబ్దంలో గట్టిగా మొదలైంది. బెల్జియంలో క్వెటెలే అని ఒక ఖగోళ శాస్త్రవేత్త ఉండేవాడు. నక్షత్రాన్ని పదిసార్లు కొలిస్తే పది అంకెలు వస్తాయి, వాటి సగటు తీస్తే అసలు అంకెకి దగ్గరౌతుంది, మిగతా తేడాలన్నీ కొలిచేటప్పుడు దొర్లిన పొరపాట్లు. ఈయన అదే పద్ధతిని మనుషుల మీద పెట్టాడు. 1835లో అచ్చయిన పుస్తకంలో "సగటు మనిషి" అని ఒకణ్ణి నిలబెట్టాడు. తర్వాత స్కాట్లండు సైనికులు అయిదువేల మందికి పైగా ఛాతీ కొలతలు తీసుకుని, ప్రకృతి ఒకే నమూనా మనిషిని చెయ్యబోయింది, వీళ్ళందరూ దాని పొరపాట్లు అన్నట్టు లెక్క తేల్చాడు. నక్షత్రం ఒకటే కాబట్టి సరిపోయింది. సైనికులు అయిదువేల మంది కదా, ఎవరి ఛాతీ వాళ్ళది! అయినా ఆ ఆలోచన మాత్రం మన బుర్రల్లో దిగబడిపోయింది. సగటుకి దూరంగా ఉన్నావంటే నీలో ఏదో తప్పుందన్న అనుమానం అక్కడిదే.

దానికి విరుగుడు అమెరికా వాయుసేనలో దొరికింది. 1950లో వాళ్ళు 4,063 మంది పైలట్లని కొలిచారు. అప్పటిదాకా విమానంలో సీటూ మీటలూ అన్నీ సగటు కొలతలకి కట్టేవాళ్ళు. గిల్బర్ట్ డేనియల్స్ అనే కుర్ర అధికారికి ఒక అనుమానం వచ్చింది, అసలు ఈ సగటు పైలట్ ఎంతమందిలో ఉన్నాడు అని. ఎత్తు, ఛాతీ, చెయ్యి పొడవు ఇలా పది కొలతలు తీసుకుని, పదింటిలోనూ సగటుకి దగ్గరగా ఉన్నవాళ్ళు ఎందరో చూశాడు. ఒక్కడు కూడా లేడు. నాలుగువేల మందిలో సున్నా. చివరికి వాయుసేన చేసిందేమిటంటే సీటు ముందుకీ వెనక్కీ జరిగేలా కట్టమంది, పెడల్స్ కూడా.

మన బస్సులో అయితే సీటు జరగదు. "స్వల్ప అడ్జస్ట్ మాడి" అంటారు, కొంచెం సర్దుకోండి అని, మనిషి జరగాలి.

అందుకని నా మొదటి సలహా: అన్నిట్లోనూ నార్మల్ అవ్వాలని మాత్రం పెట్టుకోకు. తిండిలో, నిద్రలో, స్నేహాల్లో, జీతంలో, పెళ్ళిలో, దేవుడి విషయంలో, ఆదివారం ఏం చేస్తావన్నదాంట్లో అన్నిట్లోనూ మధ్యలో ఉన్నవాడు నీ పీజీలో కూడా లేడు. నిన్ను నిమ్హాన్స్‌కి వెళ్ళమన్న మహానుభావుడు రాత్రి మూడింటిదాకా ఫోన్‌లో ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళు గేమ్ ఆడుతుంటే చూస్తాడని నువ్వే చెప్పావు.

మెయింటెనెన్స్ లాంటివి ఉంటాయి, కట్టేయ్

అలాగని "లోకులు కాకులు, నా ఇష్టం నాది" అని తిరగమనడం లేదు. ఆ దశ నాకూ ఉండింది, ఇరవై ఆరు నుంచి ఇరవై తొమ్మిది దాకా. అందరూ గొర్రెలు, నేనొక్కదాన్నే తెలివైనదాన్ని అనుకుంటూ తిరిగా. అది భలే ఒంటరి వ్యవహారం, పైగా మనం అనుకున్నంత గొప్పగానూ కనపడం.

ఫ్లాట్‌లో ఉంటే నెలనెలా మెయింటెనెన్స్ కడతాం కదా, లిఫ్ట్ ఎక్కినా ఎక్కకపోయినా. నలుగురిలో ఉండటానికి కూడా అలాంటి చిల్లర ఖర్చులు ఉంటాయి. వాటిమీద సిద్ధాంతాలు పెట్టుకుని పోట్లాడకు. ఏది చిల్లర, ఏది కాదు అని తేల్చుకోవడానికి నేను చూసేవి ఇవి. దీనికి నిమిషాలు పడుతుందా, ఏళ్ళు పడుతుందా? చేశాక నచ్చకపోతే వెనక్కి తీసుకోగలనా? నేను చెయ్యకపోతే నిజంగా ఎవరికైనా ఇబ్బందా, లేక ఎవరో నోరు చేసుకోవడమేనా? నిమిషాల్లో అయిపోయేదైతే, వెనక్కి తీసుకోగలిగేదైతే, ఎదుటివాళ్ళకి కాస్త సుఖంగా ఉంటుందనుకుంటే, కట్టేయ్.

నా ఎడమ చెయ్యి సంగతే తీసుకో. నూటికి పదిమంది దాకా పుర్రచేతివాళ్ళు ఉంటారు, ప్రపంచం మొత్తం మీద సుమారుగా అంతే. మాది మార్కాపురం దగ్గర, పలకల ఊరు. నేను ఎడం చేత్తో బలపం పట్టుకున్నప్పుడల్లా మా టీచరు స్కేలుతో వేలి కణుపుల మీద కొట్టేవారు. కుడిచేత్తో రాయడం వచ్చింది, ఇప్పటికీ నా కుడిచేతి రాత కోడి కెలికినట్టుంటుంది, అందుకే ఎడం చేత్తోనే రాస్తా. అది నేను వదల్లేదు. కానీ తాంబూలం ఇచ్చేటప్పుడూ, కొట్లో డబ్బులిచ్చేటప్పుడూ, పెద్దవాళ్ళకి మంచినీళ్ళు అందించేటప్పుడూ కుడిచెయ్యే వాడతా. అర సెకను పని. ఎదుటామె మొహం చిట్లించుకోకుండా ఉంటుంది, నాకు పోయేదేమీ లేదు. రాయడం నాది, ఇవ్వడం ఇద్దరిదీ.

బెంగళూరుకి కొత్తగా వచ్చినవాడివి కాబట్టి ఇక్కడి మెయింటెనెన్స్ చెప్తా. మొదటిది భాష. మారతహళ్ళిలో, బీటీఎంలో తెలుగుతోనే ఏడాది గడిపేయొచ్చు, ఆంధ్రా మెస్సూ మనదే, పీజీ నడిపేవాళ్ళూ మనవాళ్ళే. 2011 జనగణన ప్రకారం బెంగళూరులో నూటికి దాదాపు 14 మంది తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళు. అందుకే మనకి ఇంకో రాష్ట్రంలో ఉన్నామన్న సంగతే గుర్తుండదు, గుర్తు లేదన్న సంగతి ఇక్కడివాళ్ళకి మాత్రం ఇట్టే తెలిసిపోతుంది. ఓ పది మాటలు నేర్చుకో చాలు. "ఊట ఆయ్తా?" అని ఎవరైనా అడిగితే భోజనం అయిందా అని. మనకి ఊట అంటే చెలమలో నీళ్ళు, నేను మొదట్లో ఈవిడ నీళ్ళ ట్యాంకర్ గురించి అడుగుతోందనుకున్నా. దానికి "ఆయ్తు, నిమ్దు?" (అయింది, మీది?) అంటే సరిపోతుంది. నిజంగా తిన్నావా, ఏం తిన్నావు, ఎందుకు తినలేదు అన్న వివరాలు ఎవరికీ అక్కర్లేదు. మన "ఏం, బాగున్నావా?" లాంటిదే అది, పలకరింపు. నీలాంటివాళ్ళు దాన్ని ప్రశ్న అనుకుని జవాబు చెప్పడం మొదలుపెడతారు, నాకు తెలుసు.

రాత్రి పది దాటాక పాటల సౌండు తగ్గించు, ఇది పద్ధతే కాదు, 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో కూడా రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు దాకా. సెక్యూరిటీ ఆయన్ని దాటేటప్పుడు తల ఊపు. లిఫ్ట్‌లో ఫోన్ స్పీకర్ పెట్టకు. ఇవి నీకు వచ్చులే.

టీమ్ లంచ్ సంగతి మాత్రం కాస్త విడిగా చెప్పాలి, నువ్వు ఏడు నెలల్లో ఒక్కసారీ వెళ్ళలేదంటే అవతలివాళ్ళకి అది వీడికి మేమంటే ఇష్టం లేదు అన్నట్టే వినిపిస్తుంది. నీకు గోల నచ్చదని వాళ్ళకి ఎలా తెలుస్తుంది? వరసగా మూడింటికి వెళ్ళు. టైముకి వెళ్ళు, ఆలస్యంగా వెళ్తే అందరూ నీవైపు తిరుగుతారు. టేబుల్ మధ్యలో కాకుండా చివర్న, బాగా వాగేవాడి పక్కన కూర్చో, వాడే నడిపిస్తాడు. ఏం మాట్లాడాలో తెలియక టెన్షన్ పడతావు కదా, ఈ ఊళ్ళో దానికి బంగారంలాంటి సబ్జెక్టు ఒకటుంది: "ఏ దారిలో వచ్చావ్, ఎంతసేపు పట్టింది?" ఒక్కసారి అడిగితే ఏ మనిషైనా పదిహేను నిమిషాలు ఆగకుండా మాట్లాడతాడు, సిల్క్ బోర్డు పేరెత్తితే ఇరవై. పైగా నీకు ప్రతి రూటూ వచ్చు. నీ పిచ్చి అనుకుంటున్నదానికి ఈ ఊరంత గిరాకీ ఇంకెక్కడా ఉండదు రా. తినేసి, చెయ్యి కడుక్కుని, "పనుంది, వస్తా" అని లేచి వచ్చెయ్. కారణాలు చెప్పకు, ఎక్కువ కారణాలు చెప్పేవాణ్ణే జనం అనుమానిస్తారు. మూడు తర్వాత నాలుగోదానికి మానేసినా ఎవరూ ఏమీ అనుకోరు, వస్తాడులే అప్పుడప్పుడు అన్న లెక్కలో పడిపోతావు.

ఇల్లు రాసిమ్మంటే

మెయింటెనెన్స్ కట్టమంటే కడతాం, ఇల్లే రాసిమ్మంటే? పెళ్ళి, పిల్లలు, ఏ పని చెయ్యాలి, ఎవరితో బతకాలి, దేవుణ్ణి నమ్మాలా వద్దా, ఇవన్నీ ఏళ్ళు పట్టేవి, వెనక్కి తీసుకోలేనివి. ఇలాంటివాటిలో "అందరూ చేస్తున్నారు కదా" అన్నది కారణం కాదు. అది ఒప్పించడానికి వాడే మాట. పెళ్ళి చేసుకోవద్దని నేను చెప్పట్లేదు (చేసుకుంటే నాకు పప్పన్నం దొరుకుతుంది), అడిగినవాళ్ళ నోరు మూయించడానికి చేసుకోవద్దంటున్నా.

అడిగేవాళ్ళని రెండు రకాలుగా చూడు. పెళ్ళిళ్ళలో, గృహప్రవేశాల్లో కనపడే పిన్నులూ అత్తలూ మొదటి రకం. వాళ్ళకి నీ జవాబుతో పనిలేదు, ఏదో మాట కలపాలి. "పప్పన్నం ఎప్పుడు పెడతావే?" అంటే సిద్ధాంతం చెప్పకు, నవ్వి "అదుండనీ పిన్నీ, నీ మోకాళ్ళకి డాక్టరేమన్నాడు?" అను. నేను పదేళ్ళుగా ఇదే వాడుతున్నా, ఒక్కసారీ విఫలం కాలేదు, మోకాళ్ళ కథ చాలా పెద్దది. "మీరేమిట్లు?", "మనవాళ్ళేనా?" అని కులం కూపీ లాగేవాళ్ళకి నా జవాబు "మాది మార్కాపురం దగ్గరండీ". మళ్ళీ అడిగితే మళ్ళీ మార్కాపురమే. మూడోసారి అడిగేవాళ్ళు తక్కువ, అడిగితే "అది తెలిస్తే ఏం చేస్తారండీ?" అని మర్యాదగా అడుగు, కొంచెంసేపు ఎవరూ మాట్లాడరు, పర్లేదు.

అమ్మానాన్నలతో ఈ డొంకతిరుగుడు పనికిరాదు. వాళ్ళ ముందు నలుగురూ నిలబడి ఉంటారు ఎప్పుడూ, నలుగురూ ఏమనుకుంటారు అన్న ఆ నలుగురు. ఆ భారం నిజంగా వాళ్ళే మోస్తున్నారు, మనం ఇక్కడ ఇందిరానగర్‌లో కాఫీ తాగుతుంటే. కాబట్టి వాళ్ళకి కూర్చుని చెప్పాలి, ఒకసారి కాదు చాలాసార్లు, అరవకుండా. 2019 సంక్రాంతికి నేను మా నాన్నతో పెళ్ళి చేసుకోదల్చుకోలేదని తేల్చి చెప్పా. రెండు రోజులు మాట్లాడలేదు. కనుమ రోజు సాయంత్రం బస్టాండులో దింపుతూ "ఆ గీజరు బాగుచేయించావా?" అన్నారు. అంతకుమించి ఆ విషయం మీద మా ఇద్దరి మధ్య ఇప్పటిదాకా ఏమీ జరగలేదు. అందరికీ ఇలా తేలిగ్గా అయిపోదని తెలుసు, ఇంట్లోంచి గెంటేసినవాళ్ళూ నాకు తెలుసు. డబ్బుకీ నెత్తిమీద కప్పుకీ ఇంకా వాళ్ళ మీదే ఆధారపడి ఉంటే తొందరపడకు. ముందు నీ అద్దె నువ్వు కట్టుకునే స్థితికి రా, తర్వాత నోరు విప్పు. పిరికితనం అనుకుంటే అనుకోనీ.

ఒక్కడు చాలు

1951లో సాలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అమెరికాలో ఒక ప్రయోగం చేశాడు. గదిలో కొంతమంది కూర్చుంటారు, ఒక గీత చూపించి, పక్కనున్న మూడు గీతల్లో దీనికి సమానమైనది ఏది అంటారు. చిన్నపిల్లలైనా చెప్పగలిగేదే. కాకపోతే ఆ గదిలో ఒక్కడే నిజమైన మనిషి, మిగతావాళ్ళందరూ ముందే మాట్లాడుకుని వచ్చి కావాలని తప్పు చెప్తారు. కళ్ళెదుట సరైన గీత కనిపిస్తున్నా, నలుగురిలో ముగ్గురు ఒక్కసారైనా గుంపుతో కలిసి తప్పు చెప్పారు. నాకు ఇందులో ముఖ్యం అనిపించేది మాత్రం తర్వాత జరిగినది. గుంపులో ఒకే ఒక్కడితో సరైన జవాబు చెప్పించాడు. అంతే, గుంపుతో కలిసి తప్పు చెప్పడం నాలుగో వంతుకి పడిపోయింది. గుంపు అంతే ఉంది, మెజారిటీ అంతే ఉంది, పక్కన ఒక్కడు తోడున్నాడు.

అందుకని పదిమంది స్నేహితుల కోసం తాపత్రయపడకు, ఒక్కణ్ణి వెతుక్కో. నీలాగే బస్సులెక్కాలని లేదు, నువ్వు బస్సుల గురించి చెప్తుంటే ఫోన్ చూసుకోకుండా ఉంటే చాలు. ఈ ఊళ్ళో దొరుకుతారు. శనివారం పొద్దున కబ్బన్ పార్కుకి వెళ్తే చెట్ల కింద చాపలు పరుచుకుని ఒకరితో ఒకరు మాట్లాడకుండా పుస్తకాలు చదువుకునేవాళ్ళు బోలెడుమంది, లాల్‌బాగ్‌లో మెడకి బైనాక్యులర్స్ వేసుకుని పిట్టల కోసం తలెత్తి నడిచేవాళ్ళు. మా ఊళ్ళో పొద్దున్నే అలా పైకి చూస్తూ నడిస్తే దిష్టి తీసేవాళ్ళు.

నిజంగానే బాగాలేకపోతే

ఇప్పుడు మూడో ముక్క. ఇక్కడ నేను జోకులెయ్యను. "అందరికీ నేనంటే పడదు కాబట్టి నాకేదో జబ్బు" అనుకోవడం ఎంత తప్పో, "నేను కాస్త తేడా మనిషిని, అంతే" అని నిజమైన బాధని దాచేసుకోవడం కూడా అంతే తప్పు. నలుగురికీ ఎలా కనపడుతున్నావన్నది వదిలెయ్. నిద్ర, తిండి, స్నానం, పని చూసుకో. రెండు వారాలకి పైగా రోజూ దిగులుగా ఉందా, ఇదివరకు ఇష్టమైనవి కూడా చెయ్యబుద్ధి కావట్లేదా? నిన్ను అడగాల్సింది ఆదివారం బస్సెందుకు ఎక్కుతున్నావని కాదు, ఎక్కడం మానేశావా అని. ఎవరూ లేకపోయినా మాటలు వినపడుతున్నా, చచ్చిపోవాలనిపిస్తున్నా రెండు వారాలు కూడా ఆగకు. 14416కి ఫోన్ చెయ్, టెలి మానస్, 2022లో ప్రభుత్వం పెట్టింది, డబ్బులక్కర్లేదు, రాత్రీపగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

నిమ్హాన్స్ పేరు తిట్టులా వాడతారు గానీ, దేశం మొత్తం మీద మానసిక ఆరోగ్య సర్వే చేసింది వాళ్ళే. 2015-16 నాటి ఆ సర్వేలో పెద్దవాళ్ళలో 10.6 శాతం మందికి ఆ సమయంలో ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. పుర్రచేతివాళ్ళు ఎంతమందో ఇంచుమించు అంతమంది. నేను ఒక కొలీగ్‌కి తోడుగా హొసూరు రోడ్డులో ఆ ఓపీకి వెళ్ళా. ఆ వరసలో కూర్చున్నవాళ్ళకీ మెజెస్టిక్‌లో బస్సు కోసం నిలబడ్డవాళ్ళకీ తేడా కనిపెట్టమంటే నా వల్ల కాలేదు.

ఇంకో సంగతి, ఇది చాలామందికి తెలియదు. మన దేశంలో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మూడో సెక్షన్‌లో రాసి ఉంది: ఒక మనిషి తన చుట్టూ ఉన్నవాళ్ళ నైతిక, సామాజిక, సాంస్కృతిక, రాజకీయ విలువలకో మత నమ్మకాలకో ఒదగలేదన్న కారణంతో ఆ మనిషికి మానసిక వ్యాధి ఉందని తేల్చకూడదు అని. అంటే రెండో ముక్కని మూడో ముక్క చెయ్యకు అని చట్టమే చెప్తోంది. ఊరికే రాయలేదు అది. స్వలింగ ప్రేమని అమెరికా మానసిక వైద్యుల సంఘం 1973 దాకా జబ్బుల జాబితాలోనే ఉంచింది. మన సుప్రీంకోర్టు అది నేరం కాదనడానికి 2018 సెప్టెంబరు 6 దాకా పట్టింది. ఆ మధ్యకాలంలో ఎంతమందిని "బాగుచెయ్యడానికి" తీసుకెళ్ళి ఉంటారో ఆలోచిస్తే నాకు స్కేలు దెబ్బలు చాలా చిన్నవనిపిస్తాయి.

మూలమట్టం నీ చేతికొచ్చినప్పుడు

ఏదో ఒక విషయంలో నువ్వూ గుంపులో ఉంటావు. నేను ఇంత చెప్తున్నానా, నాలుగేళ్ళ కింద ఆఫీసు క్యాంటీన్‌లో ఒకమ్మాయిని "పెళ్ళయి ఆరేళ్ళయిందిగా, పిల్లలు వద్దనుకున్నారా?" అని అడిగేశా. మాట కలుపుదామనే. ఆమె ప్లేటు వైపు చూస్తూ "లేదండీ, ట్రై చేస్తున్నాం" అంది. ఆ తర్వాత ఆ పూట నేనేం తిన్నానో గుర్తులేదు. సారీ చెప్పడానికి నాకు మూడు వారాలు పట్టింది, ఆమె "పర్లేదండీ, అందరూ అడుగుతారు" అంది. అందరూ అడిగేదే నేనూ అడిగా, ఆ లెక్కన ఆ రోజు నేను పరమ నార్మల్. అప్పట్నుంచీ కొత్తవాళ్ళని నేను అడిగేవి రెండే: ఏ దారిలో వచ్చారు, ఏం తిన్నారు.

మొన్న శుక్రవారం మావాడు టీమ్ లంచ్‌కి వెళ్ళాడట. చివర్న కూర్చున్నాడట. రూట్ల గురించి అడిగితే ఇద్దరు విన్నారు, ఒకడు ఆవలించాడు, హుబ్బళ్ళి నుంచి వచ్చిన కుర్రాడొకడు మాత్రం మళ్ళీ ఆదివారం నన్నూ పిలువు అన్నాడట. పెద్ద విజయమేం కాదు, ఆ కుర్రాడు వస్తాడో రాడో. మళ్ళీ నిన్న రాత్రి, పదకొండున్నరకే, ఇంకో సందేహం.

"అక్కా, వచ్చే ఆదివారం నా పుట్టినరోజు. పీజీలో కేకు మొహానికి పూసి, నలుగురూ పట్టుకుని తంతారు. అది కూడా మెయింటెనెన్సేనా?"

"కాదురా. పొద్దున్నే ఏదో ఒక బస్సెక్కి వెళ్ళిపో."

"ఏ బస్సు?"

"అది నన్నడుగుతావేంట్రా!"